వీనస్ ఫ్లైట్రాప్ సాగు రకాలు: ఒక జాతి, వందల పేర్లు

వీనస్ ఫ్లైట్రాప్ శాస్త్రీయ నామం డయోనియా మసిపుల. డయోనియా ప్రజాతిలో ఇది తప్ప మరో జాతి లేదు. ప్రకృతిసిద్ధంగా ఇది పెరిగే చోటు కూడా ప్రపంచంలో ఒక్కటే. అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రాల తీర మైదానంలో, విల్మింగ్టన్ నగరం చుట్టూ సుమారు నూరు మైళ్ల పరిధిలోనే దీని స్వస్థలమంతా ఇమిడిపోతుంది. ఇంత చిన్న నేలకు పరిమితమైన ఈ ఒంటరి జాతికి నేడు నర్సరీల జాబితాలలో వందల పేర్లు కనిపిస్తాయి.

ఆ పేర్లలో కొన్ని శాస్త్రసమ్మతమైన సాగు రకాలవి. మిగిలినవి అమ్మకందారుల జాబితాలలో పుట్టి అక్కడే చలామణీ అవుతున్నవి. ఈ రెండింటికీ గల తేడాను కొద్దిమంది అభిరుచి గల పెంపకందారుల గొడవగా కొట్టివేయడం సరికాదు. రకం అంటే ఏమిటి, దాని గుర్తింపు దేనిమీద నిలుస్తుంది, ప్రవర్ధన పద్ధతి మారితే ఆ గుర్తింపు ఏమవుతుంది అనే ప్రశ్నలను ఇంత స్పష్టంగా కళ్లముందు నిలిపే మొక్కలు అరుదు. మామిడి అంట్లు, చెరకు ముచ్చెలు, టిష్యూ కల్చర్ అరటి మొక్కలతో పనిచేసేవారికి ఇవి పరిచితమైన ప్రశ్నలే.

ఎలుకబోను అనే పేరు

ఈ మొక్క గురించి లభిస్తున్న తొలి లిఖిత ప్రస్తావనలు ఉత్తర కరోలినా వలస రాజ్య గవర్నరు ఆర్థర్ డాబ్స్ రాసిన లేఖలలో ఉన్నాయి. లండన్‌లోని వృక్షప్రియుడు పీటర్ కాలిన్సన్‌కు 1759లో రాసిన లేఖలో ఆయన దీనిని పేర్కొని, 1760 జనవరిలో రాసిన మరో లేఖలో రూపాన్ని, పనితీరును వివరించాడు. 1768లో జాన్ ఎల్లిస్ దీనికి శాస్త్రీయ నామం పెట్టి, ఆ విషయాన్ని లిన్నేయస్‌కు తెలియజేశాడు. డయోనియా అంటే గ్రీకు పురాణాలలోని డయోనీ కుమార్తె, అనగా ప్రేమదేవత వీనస్. మసిపుల అనే లాటిన్ మాటకు అర్థం ఎలుకబోను. ఈగలను, చీమలను, సాలీళ్లను పట్టే మొక్కకు ఎలుకలతో పనిలేకపోయినా, పళ్లున్న రెండు దవడలు ఒక్కసారిగా మూసుకునే ఇనుప బోనును చూసినవారికి ఆ పోలిక వెంటనే బోధపడుతుంది. ఆకు చివరనున్న ఆ అమరికను తెలుగులోనూ బోను అనడమే సముచితం.

సాగు రకాలన్నింటినీ వేరుచేసే లక్షణాలు దాదాపుగా ఈ బోనులోనే ఉన్నాయి కనుక, దాని నిర్మాణాన్ని కొంత వివరంగా తెలుసుకోవడం అవసరం. ఆకులో రెండు భాగాలుంటాయి. కింది భాగం ఆకులా వెడల్పైన పత్రవృంతం. పై భాగం మధ్యఈనెకు ఇరువైపులా తెరుచుకున్న రెండు రెక్కల బోను. ప్రతి రెక్క లోపలి తలంపై సాధారణంగా మూడేసి స్పర్శ రోమాలు ఉంటాయి. ఒక రోమం ఒకసారి కదిలినంత మాత్రాన బోను మూసుకోదు. సుమారు 20 సెకన్ల లోపు రెండవసారి స్పర్శ కలిగితే, సెకనులో పదోవంతు కాలంలో మూసుకుంటుంది. గాలికి రాలిన ఆకుముక్కకు, వాన చినుకుకు మొక్క మోసపోకుండా ఇది కొంతవరకు కాపాడుతుంది. ఈ ఆకులో జంతువుల నరాలలో వంటి విద్యుత్ సంకేతం పుడుతుందని 1873లో జాన్ బర్డన్ శాండర్సన్ కనుగొన్నాడు. చార్లెస్ డార్విన్ 1875లో వెలువరించిన కీటకాహార మొక్కల గ్రంథంలో దీని జీర్ణక్రియను సవిస్తరంగా పరిశీలించాడు. కండరాలు లేని ఆకు అంత వేగంగా ఎలా కదులుతుందన్న ప్రశ్నకు 2005లో వెలువడిన ఒక అధ్యయనం సమాధానం చెప్పింది. తెరిచి ఉన్న రెక్క బయటికి వంగి, ఒత్తిడిని తనలో దాచుకొని ఉంటుంది. స్పర్శ సంకేతం అందగానే ఆ వంపు ఒక్క ఉదుటున లోపలికి తిరగబడుతుంది. ఎదురుగాలికి గొడుగు తిరగబడటాన్ని ఇందుకు పోల్చవచ్చు.

మూసుకున్నంతలో పని ముగియదు. లోపల చిక్కిన పురుగు పెనుగులాడుతూ రోమాలను మళ్లీ మళ్లీ కదిలిస్తేనే జీర్ణరసాల ఉత్పత్తి ఊపందుకుంటుంది. మొక్క ఈ స్పర్శల సంఖ్యను లెక్కపెట్టుకుంటున్నట్లే ప్రవర్తిస్తుందని 2016లో జర్మన్ పరిశోధకులు చూపారు. పురుగు జీర్ణం కావడానికి వారం నుంచి పది రోజుల వరకు పడుతుంది. ఒక్కో బోను కొద్దిసార్లు మాత్రమే ఇలా పనిచేసి, ఆపై నల్లబడి రాలిపోతుంది. నత్రజని, భాస్వరం అతి తక్కువగా ఉన్న ఆమ్ల నేలలలో ఈ ఖర్చుకు తగిన ప్రతిఫలం లభించాలి. దొరికిన పురుగు మరీ చిన్నదైతే ఖర్చే మిగులుతుంది. బోను అంచున ఉన్న పళ్ల ప్రయోజనం ఇక్కడే ఉన్నదని డార్విన్ ఊహించాడు. బోను మొదట పూర్తిగా బిగియదు. ఆ దశలో పళ్ల సందుల నుంచి చిన్న పురుగులు బయటపడతాయి, పెద్దవి నిలుస్తాయి. పళ్లను కత్తిరించిన బోనులలో మధ్యస్థ పరిమాణం గల పురుగులు చిక్కడం తగ్గిందని 2019లో ప్రచురితమైన ప్రయోగం తెలిపింది. పళ్లు అలంకారం కావు, పనిముట్లు. సాగు రకాల చర్చలో ఈ సంగతిని మరువరాదు.

సాగు రకం ఎప్పుడు సాగు రకమవుతుంది

ఇంగ్లీషులో సాగు రకాన్ని సూచించే 'కల్టివార్' అనే పదాన్ని 1923లో అమెరికన్ ఉద్యాన శాస్త్రవేత్త లిబర్టీ హైడ్ బెయిలీ రూపొందించాడు. ప్రకృతిలో ఏర్పడిన ఉపజాతులను, మనిషి ఎంపిక చేసి నిలుపుకొన్న రకాలను ఒకే మాటతో పిలవడం వల్ల కలిగే అయోమయాన్ని తొలగించడం ఆయన ఉద్దేశం. సాగు మొక్కల నామకరణానికి 1953లో అంతర్జాతీయ నియమావళి వెలువడింది. అది కాలానుగుణంగా సవరించబడుతూ వస్తున్నది. దాని ప్రకారం ఒక మొక్కకు సాగు రకం హోదా రావాలంటే అది ప్రత్యేక లక్షణం కోసం ఎంపికైనదై ఉండాలి. ఆ లక్షణం మిగతా వాటినుంచి దానిని స్పష్టంగా వేరుపరచాలి. మొక్కలన్నింటిలో ఒకే రీతిగా కనిపించాలి. తగిన పద్ధతిలో ప్రవర్ధనం చేసినప్పుడు నిలిచి ఉండాలి. మన దేశంలో 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం కింద వంగడాల నమోదుకు అడిగే ప్రత్యేకత, ఏకరూపత, స్థిరత్వాలకూ వీటికీ పోలిక ఉంది. అయితే ఫలితంలో భేదం ఉంది. చట్టం కింద నమోదైన వంగడానికి యాజమాన్య హక్కు లభిస్తుంది. నామకరణ నియమావళి కింద నమోదైన పేరుకు ఎవరి హక్కూ ఉండదు. పేరు ఏ మొక్కకు చెందుతుందన్న స్పష్టత మాత్రమే ఉంటుంది.

కీటకాహార మొక్కల పేర్ల నమోదు బాధ్యతను 1998 నుంచి అంతర్జాతీయ కార్నివోరస్ ప్లాంట్ సొసైటీ నిర్వహిస్తున్నది. పేరు ప్రతిపాదించేవారు మొక్క వర్ణనను, దానికి దగ్గరి రకాలకూ దానికీ గల తేడాను, ప్రవర్ధన పద్ధతిని, ఛాయాచిత్రాన్ని సమర్పించాలి. వర్ణన తేదీతో కూడిన ప్రచురణలో వెలువడితేనే పేరు స్థిరపడుతుంది. అటువంటి పేరును ఒంటి ఉల్లేఖన చిహ్నాల మధ్య రాస్తారు. ఆ రెండు చిన్న గీతల వెనుక ఇంత తతంగం ఉన్నదని తెలియక, లేదా తెలిసీ, నచ్చిన పేరుకల్లా వాటిని తగిలించే అలవాటు వ్యాపారంలో విరివిగా ఉంది.

రంగు, పరిమాణం, పళ్లు

అడవిలోని మొక్కలలోనే బోను లోపలి రంగు పచ్చ నుంచి ముదురు ఎరుపు వరకు మారుతూ ఉంటుంది. ఆంథోసయానిన్ వర్ణకం వల్ల వచ్చే ఈ ఎరుపు తీవ్రమైన ఎండలో చిక్కబడుతుంది, నీడలో వెలవెలబోతుంది. కనుక ఒకనాటి రంగును చూసి రకాన్ని నిర్ణయించడం పొరపాటు. రంగు ఆధారంగా నిలదొక్కుకున్న రకాలలో 'అకాయ్ ర్యూ' ప్రసిద్ధమైనది. అట్లాంటా వృక్షోద్యానంలో పనిచేసిన రాన్ గాగ్లియార్డో 1996లో దీని వర్ణనను ప్రచురించాడు. జపాన్ భాషలో ఆ పేరుకు ఎర్ర డ్రాగన్ అని అర్థం. వ్యాపారంలో దీనిని 'రెడ్ డ్రాగన్' అనే పిలుస్తారు. మంచి ఎండలో బోను మాత్రమే కాక పత్రవృంతంతో సహా మొక్క అంతా ముదురు ఎరుపుగా మారుతుంది. దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది 'జస్టినా డేవిస్'. ఎంత ఎండలో ఉంచినా ఇది పచ్చగానే ఉంటుంది. ఆ పేరు గవర్నరు డాబ్స్ వృద్ధాప్యంలో పెళ్లాడిన బాలికది. 1762లో జరిగిన ఆ వివాహం నాటికి ఆయనకు డెబ్బై ఏళ్లు దాటాయి, ఆమె ఇంకా కౌమారంలోనే ఉంది. మొక్కను ముందుగా వర్ణించిన పెద్దమనిషి పేరు కాక ఆమె పేరు ఒక రకానికి నిలవడం చరిత్రలో చిన్న దిద్దుబాటు అనుకోవచ్చు.

పరిమాణం ఆధారంగా ఎంపికైన రకాలలో 'బి52' ముందు వరుసలో ఉంటుంది. అడవి మొక్కలలో బోను పొడవు సాధారణంగా రెండు మూడు సెంటీమీటర్లు. బాగా పెరిగిన 'బి52' మొక్కలో అది 5 సెంటీమీటర్లను మించుతుంది. ఇక్కడ కూడా పోషణ, వయసు, కుండీ లోతు, కాలం ప్రభావం చూపుతాయి. ఒకే కుండీలో వసంతంలో వచ్చిన బోనుకూ వేసవిలో వచ్చిన బోనుకూ పోలిక ఉండదు. పెద్ద బోను వచ్చిందన్న ఒక్క కారణంతో పుట్టిన పేర్లలో చాలావాటికి నియంత్రిత పోలిక ఏదీ ఆధారంగా ఉండదు.

అసలు చర్చంతా పళ్ల దగ్గర మొదలవుతుంది. పొడవైన సన్నని పళ్లకు బదులు త్రిభుజాకారపు పొట్టి పళ్లు గల మొక్కల నుంచి ఒక వర్గమే ఏర్పడింది. ఇటువంటి పొట్టి పళ్ల మొక్కకూ ఎర్ర మొక్కకూ జరిపిన సంకరం నుంచి ఎంపికైనది 'రెడ్ పిరానా'. 'సా టూత్' రకంలో పళ్లు రంపపు అంచులా సన్నగా చీలి ఉంటాయి. 'ఫ్యూజ్డ్ టూత్' రకంలో పక్కపక్క పళ్లు ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. అయితే వసంతంలో వచ్చే ఆకులలో ఆ లక్షణం స్పష్టంగా ఉండదు, వేడి పెరిగే కొద్దీ బయటపడుతుంది. స్థిరత్వం అంటే ఏడాది పొడవునా ఒకేలా ఉండటం కాదు, అదే పరిస్థితులలో అదే మార్పు ప్రతి ఏటా తిరిగి కనిపించడం అని ఈ రకం బోధిస్తుంది. 'కప్ ట్రాప్' రకంలో రెండు రెక్కలూ చివర కలిసిపోయి దోసిలి ఆకారం వస్తుంది. 'వాకీ ట్రాప్స్' రకంలో బోను సరిగా ఏర్పడనే ఏర్పడదు. కండగలిగిన వంకర ముక్కలు మిగులుతాయి. దాని పేరుకే వింత బోనులని అర్థం.

పళ్ల పనిని గురించి పైన చెప్పుకొన్న ప్రయోగం దృష్ట్యా చూస్తే ఈ జాబితాలోని చివరి రకాలన్నీ ఒక ప్రశ్నను లేవనెత్తుతాయి. వేటకు అక్కరకొచ్చే పనిముట్టును చెడగొట్టుకొన్న మొక్క అడవిలో ఎంతకాలం నిలుస్తుంది? పీట్ నింపిన కుండీలో, శుద్ధమైన నీటితో, యజమాని చేతి మేతతో అది నిలుస్తుంది. పంట మొక్కలలో గింజ రాలని కంకిని మనిషి ఎంపిక చేసుకొన్నట్లే ఇదీ పెంపకపు ఎంపికే. కాని గింజ రాలకపోవడంలో మనిషి ఆకలికి ప్రయోజనం ఉంది. బోను మూసుకోకపోవడంలో ఉన్నది కంటికింపు మాత్రమే. అందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. అయితే వైకల్యాన్ని వైవిధ్యంగా లెక్కించడం మాత్రం శాస్త్రరీత్యా కుదరదు.

ఒక్క మొక్కే, లక్ష కుండీలు

వీనస్ ఫ్లైట్రాప్ సాగు రకాలు దాదాపు అన్నీ ఒకే తల్లి మొక్క నుంచి శాఖీయంగా విస్తరించిన సంతతులు. పేరు నిలవాలంటే మార్గం అదొక్కటే. బంగినపల్లి టెంకను నాటి వచ్చిన చెట్టును బంగినపల్లి అని అమ్మరాదు. 'అకాయ్ ర్యూ' విత్తనం నుంచి వచ్చిన మొక్క ఎర్రగా ఉన్నా అది 'అకాయ్ ర్యూ' కాదు. దాని పువ్వులో పరాగకోశాలు ముందుగా పక్వమవుతాయి, కీలాగ్రం తరువాత సిద్ధమవుతుంది. అందువల్ల పరపరాగ సంపర్కానికే మొగ్గు ఎక్కువ, సంతతిలో విభజన సహజం. పైగా విత్తనం నుంచి పూర్తి ఎదుగుదలకు మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. ఫలానా రకం విత్తనాలంటూ అమ్మే పొట్లాలపై ఉన్న పేరుకు విలువ లేదు. నీలి బోనులు, ఇంద్రధనుస్సు బోనుల విత్తనాలంటూ ఇంటర్నెట్ అంగళ్లలో కనిపించే చిత్రాలు కంప్యూటరు రంగులే. అటువంటి మొక్కలు లేవు.

శాఖీయ ప్రవర్ధనంలో సులువైనది కొమ్మును పిలకలుగా విడదీయడం. ఆకును దాని అడుగునున్న తెల్లని కండ భాగంతో సహా ఒలిచి తేమగల పీట్‌పై పరిస్తే కొన్ని వారాలలో పిల్ల మొక్కలు పుడతాయి. వాణిజ్య స్థాయిలో మాత్రం రాజ్యమేలుతున్నది కణజాల వర్ధనం. పోషకాలు లేని నేలకు అలవాటుపడిన మొక్క కనుక, మురాషిగే, స్కూగ్ 1962లో రూపొందించిన మాధ్యమాన్ని పూర్తి గాఢతలో వాడరు. లవణాలను సగానికి గాని అంతకన్నా తక్కువకు గాని తగ్గించి, తగినంత సైటోకైనిన్ చేర్చి వాడతారు. ప్రపంచమంతటా చవకగా లభిస్తున్న మొక్కలకు మూలం ఈ సీసాలే.

ఈ సీసాలే కొత్త పేర్లకూ మూలం. కణజాల వర్ధనంలో తలెత్తే మార్పులను లార్కిన్, స్కోక్రాఫ్ట్ 1981లో సోమాక్లోనల్ వైవిధ్యం అని పేర్కొన్నారు. గ్రాండ్ నైన్ అరటి సాగు చేసే రైతుకు ఇది కొత్త కాదు. సైటోకైనిన్ మోతాదు మించినా, ఉపవర్ధనాల సంఖ్య పెరిగినా పొట్టి మొక్కలు, ఆకు వికారాలు గల మొక్కలు వస్తాయి. అరటిలో వాటిని నర్సరీ దశలోనే ఏరి పారవేస్తారు. ఫ్లైట్రాప్‌లో వాటిని విడిగా నాటి పేరు పెడతారు! ఒకచోట నాణ్యతా లోపంగా లెక్కించేది మరోచోట సరుకుగా చెల్లుబాటవుతున్నది. ఇందులో ఒక మెలకువ అవసరం. సీసా నుంచి కొత్తగా బయటికొచ్చిన మొక్కలో హార్మోను ప్రభావం మిగిలి ఉండి, వింత రూపాలు కనిపించవచ్చు. ఏడాది రెండేళ్లు గడిచాక అవి మామూలు రూపానికి చేరుకోవచ్చు. అందువల్ల కనీసం రెండు మూడు ఋతు చక్రాలు పెంచి, పిలకలుగా విడదీసి, వాటిలోనూ అదే లక్షణం నిలిచిందని చూసుకున్న తరువాతే పేరు మాట ఎత్తాలి. కొద్ది నెలలకే పేరు పెట్టి, తరువాత ఆ లక్షణం మాయమైతే, డబ్బు పెట్టి కొన్నవారికి మిగిలేది పాత మొక్కే.

శాఖీయ సంతతిలో మరో సంగతి దాగి ఉంది. లక్ష కుండీలలో పెరుగుతున్న 'బి52' జన్యుపరంగా ఒక్క మొక్కే. ఈ జాతి జన్యుపటాన్ని 2020లో వెలువరించారు. అందులో సుమారు 21 వేల జన్యువులను గుర్తించారు. వాటి రూపాంతరాలు ఎన్నో అడవి మొక్కలలో చెదరి ఉన్నాయి. నర్సరీలో వాటిలో ఒక చిన్న పిడికెడు మాత్రమే చేరింది. నేడు అడవిలో ఉన్నవాటి కన్నా కుండీలలో ఉన్న మొక్కలే ఎక్కువ. ఆ సంఖ్యను చూసి జాతి భద్రంగా ఉన్నదనుకోవడం, అంటు మామిడి తోటలను చూసి అడవి మామిడి వైవిధ్యం భద్రంగా ఉన్నదనుకోవడం వంటిది.

తెలుగు నేలపై పెంపకం

డయోనియాకు తెలుగు నేలతో పుట్టుబంధం లేదు. దాని కుటుంబానికే చెందిన డ్రోసెరా జాతులు మాత్రం మన తడి ఇసుక నేలలలో, రాతి పరుపులపై నీరు ఊరే చోట్ల వానాకాలం తరువాత కనిపిస్తాయి. ఇటీవలి సంవత్సరాలలో ఆన్‌లైన్ అంగళ్ల ద్వారా హైదరాబాదు, విజయవాడ, విశాఖ వంటి నగరాల మేడలపైకి ఫ్లైట్రాప్ కూడా చేరుతున్నది. వాటిలో అధిక భాగం ఏడాది తిరగకుండానే చనిపోతాయి. కారణం పురుగులు దొరకకపోవడం కాదు.

మొదటి కారణం నీరు. కరిగిన లవణాలు 50 పీపీఎం లోపు ఉన్న నీరు దీనికి కావాలి. తెలంగాణ, రాయలసీమల బోరు నీటిలో అవి వందలలో ఉంటాయి, కొన్నిచోట్ల వేయిని దాటుతాయి. ఇంటి ఆర్‌ఓ యంత్రం నీరు సురక్షితమని భావించడం కూడా పొరపాటే. రుచి కోసం లవణాలను తిరిగి కలిపే అమరిక చాలా యంత్రాలలో ఉంటుంది. టీడీఎస్ మీటరుతో చూసి తీరాలి. అన్నిటికన్నా మేలైనది పట్టి దాచుకున్న వాననీరు.

రెండవది కుండీ మిశ్రమం. నర్సరీలో దొరికే ఎర్రమట్టి, పశువుల ఎరువు, వర్మీ కంపోస్టు ఈ మొక్క వేర్లకు విషంతో సమానం. స్ఫాగ్నమ్ పీట్‌కు పెర్లైట్ గాని కడిగిన సిలికా ఇసుక గాని కలిపి వాడాలి. కొబ్బరి పీట్ వాడేవారు దానిలోని ఉప్పు పోయేవరకు శుద్ధజలంతో పలుమార్లు కడగాలి. ఎరువు వేయరాదు. మాంసం ముక్క పెడితే బోను కుళ్లుతుంది. కుండీ అడుగున పళ్లెంలో నీరు నిలిపి, రోజుకు కనీసం నాలుగైదు గంటల నేరుటెండ తగిలేలా ఉంచాలి. మన ఏప్రిల్, మే మధ్యాహ్నపు ఎండకు మాత్రం కొంత నీడ అవసరమవుతుంది.

మూడవది చాలామంది ఎరుగనిది. కరోలినా శీతకాలంలో ఈ మొక్క మూడు నాలుగు నెలలు నిద్రావస్థలో ఉంటుంది. కోస్తా మైదానంలో డిసెంబరు రాత్రులు సైతం దానికి తగినంత చల్లగా ఉండవు. విశ్రాంతి లేని మొక్క రెండు మూడేళ్లలో చిక్కి పోతుంది. లంబసింగి వంటి ఏజెన్సీ ఎత్తులలో ఇబ్బంది తక్కువ. మిగతా చోట్ల చలికాలంలో కొమ్మును తీసి, ఎండిన ఆకులు తొలగించి, శిలీంద్రనాశినిలో ముంచి, తేమగల స్ఫాగ్నమ్ నాచులో చుట్టి, సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచే పద్ధతి ఉంది. అలంకారపు రకాలు, ముఖ్యంగా వికృత బోనులు గలవి, ఈ ఒడిదుడుకులను తట్టుకోవడంలో వెనుకబడతాయి. తొలిసారి పెంచేవారు పేరున్న ఖరీదైన రకం కన్నా మామూలు మొక్కతో ఆరంభించడం మేలు.

1992 నుంచి ఈ జాతి అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒప్పందమైన సైటిస్ రెండవ అనుబంధంలో ఉంది. విదేశాల నుంచి మొక్కలు తెప్పించేవారికి ఆ పత్రాలతో పాటు మన మొక్కల క్వారంటైన్ నిబంధనల ప్రకారం దిగుమతి అనుమతి, ఎగుమతి దేశపు ఫైటోశానిటరీ ధ్రువపత్రం కావాలి. ఇవేవీ లేకుండా తపాలా కవరులో వచ్చే కొమ్ము రకమేదో చెప్పలేం, దాని వెంట వచ్చే తెగులు ఏదో కూడా చెప్పలేం.

పైన్ వనాలలో

స్వస్థలంలో ఈ మొక్కకు ముప్పు మూడు వైపుల నుంచి ఉంది. తడి నేలలను ఎండగట్టి ఇళ్లు, రోడ్లు వేయడం ఒకటి. మంటలను అణచివేయడం రెండవది. పొడవాటి సూదులుండే లాంగ్‌లీఫ్ పైన్ వనాలలో కొన్నేళ్లకోసారి నేలను తాకుతూ పోయే మంట పొదలను కాల్చి వెలుతురుకు దారి ఇస్తుంది. మంట లేకపోతే పొదలు కమ్ముకొని, జానెడు కూడా లేని ఈ మొక్క నీడలో అణగారిపోతుంది. మూడవది దొంగతనం. 2014 డిసెంబరు 1 నుంచి ఉత్తర కరోలినాలో ఇతరుల నేల నుంచి ఫ్లైట్రాప్‌లను తవ్వుకుపోవడం తీవ్రమైన నేరంగా మారింది. మరుసటి నెలలోనే హోలీ షెల్టర్ వన్యభూమి నుంచి 970 మొక్కలను తవ్వుకుపోతున్న నలుగురు పట్టుబడ్డారు. సీసాలలో లక్షలుగా తయారవుతున్న మొక్క కోసం అడవిలో దొంగతనం జరగడం వింతగా తోచవచ్చు. తవ్విన మొక్కకు పెట్టుబడి లేదు, ఏళ్ల పెంపకం లేదు, తెచ్చిన రోజే అమ్ముకోవచ్చు. చవకైన టిష్యూ కల్చర్ మొక్కల వల్ల ఆ దొంగతనానికి లాభం తగ్గుతుంది కాని పూర్తిగా పోదు. కొనేవారు ఇది ఏ ప్రయోగశాల నుంచి వచ్చిందని అడిగినప్పుడే అది ఇంకా తగ్గుతుంది. సరైన సాగు రకం పేరుకు ఈ విషయంలో ఒక ఉపయోగం ఉంది. రూపం చూడగానే గుర్తించదగిన 'అకాయ్ ర్యూ' వంటి రకం అడవి నుంచి తవ్వి తెచ్చినది కాజాలదు.

2018లో ఉత్తర కరోలినా పరిశోధకులు అడవిలోని పువ్వులపై వాలే కీటకాలను, బోనులలో చిక్కిన కీటకాలను విడివిడిగా లెక్కించారు. పుప్పొడిని ఎక్కువగా మోసుకుపోతున్నవి ఒక చిన్న ఆకుపచ్చ తేనెటీగ జాతి, రెండు పెంకు పురుగు జాతులు అని తేలింది. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ బోనులలో కనబడలేదు. బోనులు నేలబారున ఉంటాయి, పూకాడ వాటికి చాలా ఎత్తున తెల్లని పువ్వులను నిలుపుతుంది. వేటాడే పురుగు వేరు, పిలిచే పురుగు వేరు. అక్కడ విత్తనం కట్టి రాలుతుంది, ప్రతి విత్తనమూ కొత్త కలయికే.

నర్సరీలో పూకాడ ఐదు సెంటీమీటర్లు దాటకముందే కత్తిరించమని పెంపకందారులకు సలహా ఇస్తారు. పువ్వుకు పోయే శక్తి బోనులకు చేరుతుందని కారణం చెబుతారు. ఆ సలహా సరైనదే. కత్తిరించిన కాడను పారవేయనవసరం లేదు. తేమగల పీట్‌లో నిలువుగా గుచ్చి ఉంచితే కొన్ని వారాలకు దాని మొదట్లో చిన్న మొక్కలు పుడతాయి. అవన్నీ తల్లి మొక్క నకళ్లే, తల్లి పేరే వాటికీ చెల్లుతుంది.